టెడ్ డిబియాసీ

టెడ్ డిబియాసీ (జననం 1954) అమెరికన్ మాజీ ప్రొఫెషనల్ రెజ్లర్. 1987లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (నేటి డబ్ల్యూడబ్ల్యూఈ) కుస్తీ సంస్థలో చేపట్టిన ‘మిలియన్ డాలర్ మ్యాన్’ ప్రతినాయక పాత్ర అతన్ని చిరస్మరణీయుణ్ణి చేసింది. ఆనాటి విలన్లలో చాలామంది విదేశీయులుగానో, రాక్షసాకారులుగానో కనిపించేవారు. డిబియాసీ మాత్రం ప్రేక్షకులు నిత్యం ఎదుర్కొనే డబ్బు అహంకారానికి రూపమిచ్చాడు. బంతిని వరుసగా నేలకు కొడితే డబ్బిస్తానని ఓ పిల్లవాడికి ఆశపెట్టి, చివర్లో దాన్ని కాలితో తన్నేసిన ఘట్టంలో కుస్తీ లేదు. అయినా అంతకంటే క్రూరంగా తోచే పోటీలు అరుదు. 1988 ఫిబ్రవరి 5న, కథ ప్రకారం డిబియాసీ డబ్బుతో కొనుక్కున్న రెజ్లర్ ఆంద్రే ద జెయింట్ వివాదాస్పద లెక్కింపుతో ఛాంపియన్ హల్క్ హోగన్‌ను ఓడించి, టైటిల్‌ను డిబియాసీకి అప్పగించాడు. రిఫరీ కూడా ఆ కథలో అమ్ముడుపోయినవాడే.

ఆ బదిలీ చెల్లలేదు, ఆ టైటిల్ కోసం రెసిల్‌మేనియా 4లో జరిగిన టోర్నీ ఫైనల్లోనూ రెజ్లర్ రాండీ సావేజ్ చేతిలో ఓడాడు కనుక అతనిది రెండో వరుస స్థానమే అనేవారున్నారు. కానీ కొనలేనిది ఒకటి మిగిలి ఉండటమే ఈ పాత్రకు ప్రాణం. 1989లో సొంతంగా ఛాంపియన్ బెల్టు చేయించుకోవడం ఆ లోటును మరింత పెంచింది. ఆర్భాటమే తప్ప ప్రతిభ లేదన్న వాదన అసలే నిలవదు. 1975 నుంచి కుస్తీలో ఉన్న అతను, 1982లోనే మిడ్-సౌత్ కుస్తీ సంస్థలో మిత్రుడు జంక్‌యార్డ్ డాగ్‌కు ద్రోహం చేసే విలన్‌గా రాటుదేలాడు. గాయాలతో 1993లో బరి వీడి, తర్వాత మేనేజర్‌గా కొనసాగాడు. 2010లో డబ్ల్యూడబ్ల్యూఈ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.