కంపెనీ – కుంపిణీ

ఆంగ్లమునందలి ‘కంపెనీ’ యను పదమునకు మూలము, రొట్టెను పంచుకొని తినువారను లాటిను భావము. సహవాసము, అతిథిబృందము, సైనికదళము, వర్తకసంఘము – ఇన్ని యర్థములు దాని కేర్పడినవి. 1600లో స్థాపితమైన ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్టణమున వర్తకస్థావరము నెలకొల్పెను. 1639లో దామర్ల నాయకుల యనుమతిచే చెన్నపట్టణమున కాలూనెను. తెలుగువారి నోట నది ‘కుంపిణీ’ యైనది. వర్తకుడు పాలకుడు కాగా, ఆ మాటకును దొరతనమను నర్థము గలిగెను. 1858లో కుంపిణీ పాలన ముగిసెను. ‘కంపెనీ’ యను రూపము మాత్రము నాటకసమాజములకును, కర్మాగారములకును వ్యాపించి నిలిచినది. చెన్నపురి తెలుగు బిడ్డలు ‘కుంపిణీ’ని మరచినచో, పూర్వుల దస్తావేజులను చదివినను వారికి బోధపడవు.