డబుల్ డిలైట్ (గులాబీ)

డబుల్ డిలైట్ హైబ్రిడ్ టీ తరగతికి చెందిన సువాసన గులాబీ రకం. అమెరికాలో హెర్బర్ట్ స్విమ్, ఆర్నాల్డ్ ఎల్లిస్ దీన్ని గ్రెనడా, గార్డెన్ పార్టీ రకాల సంకరంతో రూపొందించారు, 1977లో విడుదలైంది. 1985లో ప్రపంచ గులాబీ సమాఖ్య 'హాల్ ఆఫ్ ఫేమ్'లోకి, 1986లో సువాసనకిచ్చే గాంబుల్ పురస్కారానికి ఎంపికైంది.

రంగు: మొగ్గ మీగడ తెలుపుతో విచ్చుకుంటుంది. ఎండ తగిలిన రేకుల అంచుల నుంచి ఎరుపు లోపలికి పాకుతుంది. ఈ ఎరుపు రావాలంటే అతినీల లోహిత కిరణాలు కావాలి. వాటిని అడ్డుకునే గాజు కప్పుల కింద పూలు తెల్లగానే ఉండిపోతాయి.

పెంపకందారుల అభిప్రాయాలు: ఘాటైన మసాలా పరిమళం విషయంలో పెద్దగా పేచీ లేదు. తగవంతా పూల రంగు, మొక్క తీరు మీదే. ఏ రెండు పూలూ ఒకేలా ఉండకపోవడమే అందమని కొందరంటే, ఎరుపు మరకలా కనిపిస్తుందని మరికొందరు పెదవి విరుస్తారు. చల్లని, తేమ వాతావరణంలో బూడిద తెగులు బెడద ఎక్కువని, పొడి ఎండ ప్రాంతాల్లో బాగా పూస్తుందని చెబుతారు.

తీరాంధ్రలో: పెనుమూడి, రేపల్లె వంటి కృష్ణా డెల్టా ఊళ్లలో డబుల్ డిలైట్ వంటి హైబ్రిడ్ టీ గులాబీలకు నీరు నిలిచే బంకమట్టి, వానాకాలపు నల్లమచ్చ తెగులు ప్రధాన సమస్యలు. ఎత్తు మడులు లేదా కుండీలు, ఉదయపుటెండ, ఆకులు తడవకుండా మొక్క మొదట్లోనే నీరు పెట్టడం మేలు. కొమ్మ కత్తిరింపులు వానలు తగ్గాక చేస్తే చలికాలపు పూత బాగుంటుంది. వేసవిలో పూలు చిన్నవై త్వరగా వాడతాయి. పరిమళం పొద్దున్నే బాగా తెలుస్తుంది.