ఆగిన బండిలో కరిగిపోయే కరెంటు

కారంచేడు నల్లరేగడి చేలల్లో శనగ ఇంటికి చేరాక ట్రాక్టరుకు పెద్దగా పని ఉండదు. ఏప్రిల్, మే నెలలు రేకుల షెడ్డులోనే గడిచిపోతాయి. తొలకరి పడ్డాక తాళం తిప్పితే సెల్ఫ్ ‘టక్’ మని ఆగిపోతుంది. ఇంకో ట్రాక్టరు కట్టి లాగించాలి, లేదా ఎవరిదో బ్యాటరీ తెచ్చి తీగలు తగిలించాలి. బానెట్ ఎత్తి చూస్తే టెర్మినల్ చుట్టూ తెల్లగా, పచ్చగా బూజులాంటి పొడి పేరుకుని ఉంటుంది. వాడనే లేదు కదా, ఎలా దిగిపోయిందని రైతు మెకానిక్కును నిలదీస్తాడు.

ఆ ప్రశ్న వయసు బ్యాటరీ వయసంత. ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో రెండు సీసం రేకుల మధ్య గుడ్డ పెట్టి, చాపలా చుట్టి, నీళ్లు కలిపిన గంధకామ్లంలో ముంచాడు. అంతకుముందు 1800లో వోల్టా చేసిన ఘటంలో సరుకు అయిపోతే మళ్లీ కొత్తగా పేర్చుకోవాల్సిందే. ప్లాంటే ఘటం వేరు. ఖాళీ అయ్యాక ఎదురు కరెంటు పంపితే మళ్లీ నిండేది. కాకపోతే ఆ రేకులు పనికి రావాలంటే నెలల తరబడి నింపుతూ, ఖాళీ చేస్తూ ఉండాలి. ఆ బాధ 1881లో కామిల్ ఫోర్ తప్పించాడు. సీసం ఆక్సైడును ముద్ద చేసి రేకుకు మెత్తాడు. అదే ఏడాది ఇంగ్లండులో సెల్లన్ అనే ఆయన ముద్ద నిలిచే జల్లెడ పలకకు మెత్తటి సీసం చాలదని, దానికి యాంటిమొనీ కలిపి గట్టిపరిచాడు. ఆ పలక దశాబ్దాల పాటు లోకాన్ని ఏలింది. కానీ వాడకపోయినా దిగిపోయే రోగాన్ని పెంచిందీ ఆ యాంటిమొనీయే.

రోగం మూలం అప్పుడే తెలిసింది. గ్లాడ్‌స్టన్, ట్రైబ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు 1882లో బ్యాటరీ లోపల జరిగేదాన్ని విడమరిచి చెప్పారు. కరెంటు ఇస్తున్నప్పుడు రెండు పలకల మీదా సీసం సల్ఫేట్ ఏర్పడుతుంది, ఆమ్లం పలచబడుతుంది. తీగలు విప్పేసినా ఈ చర్య పూర్తిగా ఆగదు, లోలోపల మెల్లగా సాగుతూనే ఉంటుంది. సల్ఫేట్ పుట్టిన కొత్తలో పిండిలా మెత్తగా ఉంటుంది, ఛార్జింగ్ పెడితే కరిగిపోతుంది. నెలల తరబడి వదిలేస్తే పాత బావి గోడకు పట్టిన ఉప్పులా గట్టి స్ఫటికాలై కూర్చుంటుంది. ఇక ఎంత కరెంటు పంపినా కదలదు. మెకానిక్కులు ‘సల్ఫేషన్ పట్టింది’ అనేది దీన్నే. కాబట్టి మూల కూర్చోబెట్టిన బ్యాటరీ విశ్రాంతి తీసుకుంటోందనుకోవడం పొరపాటు.

అమెరికాలో చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన విద్యుత్ స్టార్టరు 1912లో కాడిలాక్ కార్లలోకి వచ్చింది. చేత్తో కడ్డీ తిప్పే పని పోయింది. దాంతో బండి కదలడమే బ్యాటరీ మీద ఆధారపడింది. శీతాకాలమంతా కారు మూలన పెట్టే చలిదేశాల్లో గ్యారేజీ ఛార్జర్లకు గిరాకీ పుట్టింది. ఇంటి ఏసీ కరెంటును బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చే టంగార్ బల్బులు మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో వచ్చాయి. సన్నటి ధారలా కరెంటు పంపుతూ ఉండటమే ‘ట్రికిల్’ పద్ధతి. అయితే నిండిన తర్వాత కూడా ధార ఆగకపోతే నీరు వాయువులుగా విడిపోయి తరిగి, పలకలు పాడవుతాయి. అసలైన ఉపాయం టెలిఫోన్ ఎక్స్ఛేంజీలది. వాటి 48 వోల్టుల బ్యాటరీ వరుసలను ఒక స్థిరమైన వోల్టేజి దగ్గర పట్టి ఉంచేవారు. బ్యాటరీ తనకు కావలసినంతే తీసుకుంటుంది. దీన్ని ‘ఫ్లోట్’ అన్నారు. ఈనాటి ఇన్వర్టరు చేసేదీ ఇదే, ఇల్లులా అమర్చుకున్న క్యాంపర్‌వ్యాన్‌కు చలికాలం తగిలించే చిన్న ఛార్జరు చేసేదీ ఇదే.

మన పల్లెల్లో కరెంటు స్తంభాలు రాకముందు ఈ సౌకర్యాలేవీ లేవు. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. కరెంటు లేని ఊళ్లో ఆ మాటలు వినాలన్నా, పెళ్లిపందిట్లో మైకు మోగాలన్నా బ్యాటరీయే దిక్కు. అది దిగిపోతే సైకిలు కారియర్‌కు కట్టుకుని పట్నం వెళ్లి ఛార్జింగ్ పెట్టించుకోవాలి. ఆ దుకాణాల్లో బల్ల మీద వరుసగా మూతలు తీసిన బ్యాటరీలు, వాటిలోంచి బుస్సుమనే బుడగలు, ముక్కుకు ఘాటుగా తగిలే యాసిడ్ వాసన. పనివాడు గాజు గొట్టంలోకి యాసిడ్ పీల్చి, లోపల తేలే హైడ్రోమీటరు గీత చూసి తీర్పు చెప్పేవాడు. గీత 1.26 దాటితే నిండినట్టు.

రోగానికి సగం మందు 1935లోనే దొరికింది. యాంటిమొనీ బదులు కాల్షియం కలిపితే దిగిపోవడం బాగా తగ్గుతుందని బెల్ ల్యాబ్స్‌లో హేరింగ్, థామస్ చూపించారు. అది టెలిఫోన్ల కోసం. సామాన్యుడి బండికి చేరడానికి దశాబ్దాలు పట్టింది. ఆ చేరికలో తెలుగు నేల పాత్ర చిన్నదేమీ కాదు. హైదరాబాదులో 1977లో పుట్టిన బ్యాటరీ సంస్థ హెచ్‌బీఎల్ పరిశ్రమలకు, రైల్వేలకు, రక్షణకు బ్యాటరీలు చేసింది. అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగొచ్చిన గల్లా రామచంద్రనాయుడు 1985లో అమర రాజా సంస్థను స్థాపించారు. తిరుపతి పక్కన కరకంబాడిలో నీళ్లు పోయనక్కర్లేని బ్యాటరీలు తయారయ్యాయి. 2000లో వాహనాల కోసం ‘అమరాన్’ వచ్చింది.

మిగిలిన సగం రోగాన్ని మన ఎండ పోషిస్తోంది. వేడి ఓ పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ దిగిపోయే వేగం సుమారు రెట్టింపవుతుంది. చలిదేశాల్లో భయం వేరు. దిగిపోయిన బ్యాటరీలో ఆమ్లం పలచబడి సున్నాకు ఏడెనిమిది డిగ్రీల కిందే గడ్డకట్టి పెట్టె పగులుతుంది. నిండుగా ఉన్నది యాభై డిగ్రీల కింద కూడా తట్టుకుంటుంది. అందుకే మిచిగన్‌లో క్యాంపర్‌వ్యాన్ ఉన్న తెలుగువాళ్లు అక్టోబరులోనే దాని బ్యాటరీని నింపి పెట్టుకోవాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే గడ్డకట్టే చలిలో ఛార్జింగే పెట్టకూడదు, సగం నింపి వదిలేయాలి. మన రోహిణి కార్తెకు మంచు భయం లేదు, కానీ ఆరు నెలల నష్టాన్ని రెండు మూడు నెలల్లోనే చేసి పెడుతుంది.

పైగా ఈనాటి కారు ఆగి ఉన్నా ఊరికే ఉండదు. గడియారం, తాళాల వ్యవస్థ, జీపీఎస్ కలిసి 30 మిల్లీయాంపియర్లు తాగాయనుకుందాం. నెలకు దాదాపు 22 యాంపియర్ అవర్లు, అంటే 60 యాంపియర్ అవర్ల బ్యాటరీలో మూడో వంతు పైనే. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక ఇంటి ముందు కదలకుండా నిలిచిన కార్లకు జరిగింది ఇదే. పిల్లలు అమెరికాలో ఉంటే అమ్మానాన్నల దగ్గర నెలలకొద్దీ ఆగే కారుకూ ఇదే జరుగుతుంది.

రోజూ అయిదు నిమిషాలు ఇంజను తిప్పి ఆపేస్తే చాలనుకుంటారు. చాలదు. బ్యాటరీలో ఆఖరి అయిదో వంతు నిండటానికి గంటలు పడుతుంది. బండి ఆపేముందు పూర్తిగా ఛార్జింగ్ పెట్టించండి. నెగటివ్ తీగ విప్పండి. నీళ్లు పోసే రకమైతే పలకలు మునిగేలా డిస్టిల్డ్ వాటర్ పోయండి, కుళాయి నీళ్లు వద్దు. నీడలో ఉంచి నెలకోసారి వోల్టేజి చూడండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4కు దిగితే మళ్లీ ఛార్జింగ్ పెట్టాల్సిందే. ఇంత చేసినా చచ్చిన బ్యాటరీని పాత ఇనుమువాడికి ఇవ్వకండి. సీసం పిల్లల ఒంటికి విషం, కొత్తది కొన్న దుకాణంలోనే పాతది అప్పజెప్పండి.