వరిచేనిలో జింకు, కాడ్మియము

వరంగల్ ప్రాంతములో వరినాట్లు వేసిన రెండు మూడు వారములకు కొన్ని మడులలో పైరు ఒక వింత రూపము దాల్చును. ఆకు మధ్య ఈనె తెల్లబారును. ముదురు ఆకుల చివర, ఈనెకు ఇరుప్రక్కల, ఇటుకరంగు మచ్చలు లేచును. ఆకును వంచినచో పటుక్కున విరుగును. పైరు గిడసబారి, పిలకలు వేయక నిలిచిపోవును. ఇది తెగులని భ్రమించి మందులు చల్లినచో ప్రయోజనముండదు. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటును కలిపి, ఐదు రోజుల ఎడముతో రెండు మూడు సారులు పిచికారి చేసినచో పైరు తేరుకొనును. ప్రతి మూడు పంటలకు ఒకసారి, ఆఖరి దమ్ములో ఎకరమునకు 20 కిలోల చొప్పున జింకు సల్ఫేటు వేసిన పొలములో ఈ బాధ సాధారణముగా కనబడదు.

ఈ పరిష్కారము నేడు వరి రైతులకు తెలిసినదే. కాని ఇందులో ఒక చిక్కు ఇమిడియున్నది. జింకు స్వయముగా భారలోహము. భూగర్భములో దాని ఖనిజమున్న చోట కాడ్మియమను మరియొక భారలోహము కొద్దిపాళ్ళలో కలిసియే ఉండును. రసాయన స్వభావములో ఈ రెండును కవల పిల్లల వంటివి. మొదటిది లేనిచో వరి బ్రతుకదు. రెండవది గింజలో చేరినచో తినువారి మూత్రపిండములు, ఎముకలు చెడిపోవును. ఒక కవలను పైరుకు అందించుచు, రెండవదానిని వేరు వద్దనే నిలిపివేయుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన చరిత్ర సుమారు ఏడు దశాబ్దములది.

ఓరుగల్లు సీమలో వరి చరిత్ర చెరువుల చరిత్రతో ముడిపడియున్నది. 13వ శతాబ్దిలో, కాకతీయ గణపతిదేవుని కాలమున, పాఖాల, రామప్ప చెరువులు వెలసినవి. చెరువు క్రింది మడిలో నీరు నిలుచును. నీరు నిలిచిన మట్టికి గాలి అందదు. అందలి జింకు క్రమముగా కరగని రూపములలోనికి మారి వేళ్ళకు దొరకకుండ పోవును. అయినను పూర్వము ఈ కొరత అంతగా బయటపడలేదు. పంట దిగుబడి తక్కువ. పశువుల ఎరువు, చెరువు పూడికమట్టి పొలమునకు చేరుచుండెడివి. 1966లో ఐ.ఆర్.8 అను పొట్టిరకము విడుదలైనది. అటుపిమ్మట దిగుబడి పెరిగినది, ఏడాదికి రెండు పంటలు సాగినవి, యూరియా, భాస్వరపు ఎరువుల వాడుక హెచ్చినది. ప్రతి పంటతోను కొంత జింకు పొలము విడిచి పోవుచుండగా, దానిని తిరిగి ఇచ్చువారు లేకపోయిరి. భాస్వరము ఎక్కువైనచో మొక్కకు జింకు అందుట మరింత కష్టమగును. ఈ రెండు ఎరువులను కలిపి వేయరాదనుటకు కారణమిదే.

ఆ 1966వ సంవత్సరములోనే ఈ జబ్బు గుట్టు బయటపడినది. హిమాలయ పాదములందలి తరాయి భూములలో వరికి 'ఖైరా' అను జబ్బు వచ్చుచుండెను. ఆకులకు కాచు రంగు వచ్చుట వలన దానికి ఆ పేరు కలిగినది. పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయములో మొక్కల తెగుళ్ళ శాస్త్రజ్ఞుడైన యశ్వంత్ లక్ష్మణ్ నేనే దానిని పరిశీలించి, అది శిలీంధ్రము వలన గాని, సూక్ష్మజీవి వలన గాని వచ్చినది కాదనియు, జింకు కొరత వలన కలిగినదనియు ప్రకటించిరి. జింకు సల్ఫేటును సున్నముతో కలిపి చల్లుట ఆయన చూపిన చికిత్స. తెగుళ్ళ శాస్త్రజ్ఞుడే ఇది తెగులు కాదని తేల్చుట ఈ కథలోని విశేషము. నేనేగారు తరువాత పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థలో చాలకాలము పనిచేసి, 1994లో సికింద్రాబాదు కేంద్రముగా ఆసియా వ్యవసాయ చరిత్ర సంస్థను స్థాపించిరి.

ఇక రెండవ కవల సంగతి. కాడ్మియమును 1817లో జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు స్ట్రోమెయర్ కనుగొనెను. అదియు జింకు కార్బొనేటులో మలినముగానే ఆయనకు దొరికినది. దాని క్రూరస్వభావము లోకమునకు తెలిసినది జపానులోని వరిచేలలో. తొయామా ప్రాంతమున జింజూ నది ఎగువ భాగములో కమియోకా అను జింకు, సీసపు గని ఉండెను. గని వ్యర్థములు నదిలో కలిసి, కాలువల ద్వారా వరిమడులకు చేరినవి. ఆ బియ్యమును, ఆ నీటిని ఏండ్ల తరబడి వాడిన వారిలో, ముఖ్యముగా పలుమార్లు కనిన నడివయసు స్త్రీలలో, ఎముకలు మెత్తబడి, కొద్దిపాటి కదలికకే విరుగజొచ్చినవి. రోగులు 'ఇతాయ్, ఇతాయ్' అని మూలుగుచుండిరి. 'నొప్పి, నొప్పి' అని దాని అర్థము. జబ్బుకు అదియే పేరైనది.

స్థానిక వైద్యుడు నొబొరు హగినో 1957లో ఈ జబ్బుకు గని వ్యర్థములే కారణమని చెప్పినప్పుడు పలువురు నమ్మలేదు. రసాయన పరీక్షలు చేయగా కాడ్మియము జాడ తేలినది. 1968లో జపాను ప్రభుత్వము దానిని అధికారికముగా అంగీకరించెను. 1971లో బాధితులు న్యాయస్థానములో గెలిచిరి. సుమారు 200 మంది రోగులుగా గుర్తింపబడిరి. కలుషితమైన పైమట్టిని పూడ్చి, దానిపై మంచి మట్టిని పరచు పని 1970వ దశకపు చివర మొదలై 2012లో గాని ముగియలేదు. అట్లు బాగుచేసిన భూమి 860 హెక్టార్లకు పైబడినది.

మట్టిని మార్చుట అన్నిచోట్ల సాధ్యము కాదు. అందుచేత మట్టిని అట్లే ఉంచి, మొక్కకు తగిన లవణములనిచ్చి విషలోహములను అడ్డుకొనవచ్చునా అని శాస్త్రజ్ఞులు ఆలోచించిరి. దీనికి దారి చూపినది ఇసుకలో ఉండు సిలికా. క్యోటో విశ్వవిద్యాలయములో ఒకుదా, తకహాషి అను శాస్త్రజ్ఞులు 1960వ దశకపు మొదటి భాగమున ఒక సంగతి గమనించిరి. సిలికా చాలినంత అందిన వరివేళ్ళు తమ చుట్టును ఆమ్లజనిని ఎక్కువగా విడుదల చేయును. నీటిలో కరిగియున్న ఇనుము వేరు వెలుపలనే త్రుప్పుగా మారి నిలిచిపోవును. ఈ విధముగా ఇనుము, మాంగనీసు మితిమీరుట వలన వరికి కలుగు హాని తగ్గును. ఉక్కు కొలుముల చిట్టెము నుండి చేసిన కాల్షియం సిలికేటును జపాను ప్రభుత్వము 1955లోనే ఎరువుగా గుర్తించియుండెను. దిగుబడి కొరకు వేసిన ఎరువు లోహముల నుండి రక్షణ కూడ ఇచ్చునని తరువాతి పరిశోధనలు తెలిపినవి.

లోహములు వేరులోనికి ఎట్లు ప్రవేశించునో చాలకాలము తెలియలేదు. వేరు కణముల పొరలో ప్రొటీనులతో ఏర్పడిన ద్వారములున్నవి. ఒక్కొక్క ద్వారము ఒక్కొక్క పోషకము కొరకు ఏర్పడినది. కాని దాని వంటి విషపదార్థమును కూడ పొరపాటున లోనికి విడుచును. జపానులోని ఒకయామా విశ్వవిద్యాలయమునకు చెందిన శాస్త్రజ్ఞులు 2006లో సిలికా ప్రవేశించు ద్వారమును కనుగొనిరి. నీరు నిలిచిన మడిలోని ఆర్సెనిక్ కూడ ఆ ద్వారముననే వచ్చునని 2008లో తేలినది. మాంగనీసు కొరకు ఉన్న ద్వారమున కాడ్మియము దూరునని 2012లో వెల్లడి యైనది. వాకిట సిలికా నిండుగా నిలిచినచో ఆర్సెనిక్‌కు చోటు తగ్గును. జింకు, కాడ్మియముల మధ్యను ఇట్టి పోటీయే ఉన్నది.

అయినను జింకును సర్వరోగ నివారిణిగా భావింపరాదు. జింకు కొరతగా ఉన్న నేలలో దానిని వేసినప్పుడు గింజలో కాడ్మియము తగ్గుట పలు ప్రయోగములలో కనబడినది. జింకు చాలినంత ఉన్న నేలలో ఆ ఫలితము స్వల్పము. ఒక్కొక్కచోట కనబడనే కనబడదు. మితిమీరి వేసినచో జింకే పైరుకు విషమగును. ఆమ్లగుణము గల నేలలలో సున్నము వేయుట వలన కాడ్మియము మట్టికి అంటిపెట్టుకొని ఉండును. కనుక నేలను పరీక్షింపక లవణము వేయుట, నాడి చూడక మందిచ్చుట వంటిది.

నీటి విషయములో మరియొక ధర్మసంకటమున్నది. మడిలో నీరు నిలిచినప్పుడు కాడ్మియము గంధకముతో కలిసి కరగని పదార్థమై మట్టిలో చిక్కుకొనును. ఆర్సెనిక్ మాత్రము విడుదలగును. మడిని ఆరగట్టినప్పుడు దీనికి విరుద్ధముగా జరుగును. జపానులో కాడ్మియము గల పొలములలో వెన్నుతీయు సమయమునకు ముందు మూడు వారములు, తరువాత మూడు వారములు నీరు తీయవద్దని రైతులకు సలహా ఇచ్చుచున్నారు. తెలంగాణలో నీటి పొదుపు కొరకు మడిని తడుపుచు, ఆరగట్టుచు సాగు చేయు పద్ధతి ప్రచారములోనికి వచ్చినది. అది మంచిదే. కాని కాలుష్యమునకు లోనైన నేలలలో ఏ లోహమున్నదో తెలిసికొనిన తరువాతనే నీటి పద్ధతిని నిర్ణయింపవలెను.

ఇది దూరదేశపు సంగతి మాత్రమే కాదు. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థజలములు నక్కవాగు వెంట పొలములను పాడుచేయుచున్నవను వ్యాజ్యము 1990లో సుప్రీంకోర్టు వరకు వెళ్ళినది. వరంగల్ జిల్లాల చెరువుల క్రింది పొలములకు అట్టి దుర్గతి పట్టకుండుట ముఖ్యము. అందులకు రెండు మార్గములు రైతు చేతిలోనే ఉన్నవి. మొదటిది, జింకు సల్ఫేటు నాణ్యత. అది జింకు ఖనిజము నుండియే వచ్చునది గనుక, సరిగా శుద్ధి చేయనిచో సీసము, కాడ్మియము అందులోనే పొలమునకు చేరును. అందుచేతనే 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు క్రింద, సాధారణ జింకు సల్ఫేటులో జింకు 21 శాతమునకు తగ్గరాదనియు, సీసము, కాడ్మియములు నిర్ణీత పరిమితిని మించరాదనియు నియమములున్నవి. రసీదు లేని చౌక సంచిని కొనిన రైతు పైరు జబ్బును మాన్పబోయి నేలకు జబ్బు తెచ్చుకొనవచ్చును.

రెండవది, ఊక, గడ్డి. వరి ఊకను కాల్చినచో సుమారు అయిదవ వంతు బూడిద మిగులును. అందులో నూటికి తొంబది పాళ్ళు సిలికాయే. ఊకను మట్టిలో కలిపినప్పుడు గింజలో హానికరమైన ఆర్సెనిక్ తగ్గినట్లు అమెరికాలో జరిగిన ప్రయోగములు చూపినవి. పొలములో గడ్డిని తగులబెట్టుటకు బదులు తిరిగి మట్టికి చేర్చినచో, పైరు తీసికొనిన సిలికా పైరుకే దక్కును.

జింజూ లోయలో మట్టిని బాగుచేయుటకు ముప్పదేండ్లకు పైగా పట్టినది. లవణములు కొంత రక్షణ ఇచ్చునే గాని, చెడిన నేలను మంచి నేలగా మార్చలేవు. నేలలో ఏమున్నదో ముందుగా తెలిసికొనుటకు ఒక దోసెడు మట్టిని పరీక్షా కేంద్రమునకు పంపినచో చాలును.