పునర్దర్శనము: ఓరుగల్లు వీథి నుండి విశాలచిత్రము వరకు

ఖిలా వరంగల్లునందలి స్వయంభూదేవాలయ ప్రాంగణమున నిలిచి చూచువానికి నాలుగు దిక్కులను నాలుగు శిలాతోరణములు కన్పట్టును. నడుమ నుండవలసిన ఆలయము లేదు. దాని స్తంభములు, దూలములు, చెక్కడపు రాళ్లు నేలపై పరచియున్నవి. వాకిళ్లు నిలిచి ఇల్లు పోయిన ఈ దృశ్యమును చూచినప్పుడు, ఇది పూర్వమెట్లుండెడిదో యను ప్రశ్న పొడముట సహజము. దాని వెంటనే మరియొక ప్రశ్నయు పొడమును: దీనిని మరల నిలిపినచో, నిలిచినది ఆ పూర్వపు కట్టడమే యగునా?

ఈ రెండవ ప్రశ్న రాతి కట్టడములకే పరిమితము కాదు. జీర్ణమైన చలనచిత్రములు పరిష్కరింపబడి మరల తెరకెక్కుచున్న ఈ కాలమున, వానికై ఎదురుచూచు అభిమానులును, వానిని బాగుచేయు నిపుణులును ఈ ప్రశ్ననే ఎదుర్కొనుచున్నారు. గ్రంథపరిష్కరణము వృత్తిగా గల మనకు ఇది పరాయి విషయము కాదని నిరూపించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఓరుగల్లు విషయమున మొదటి పునర్దర్శనము సాహిత్యమునుండియే లభించినది. 1323లో కాకతీయ రాజ్యము కూలినది. సుమారు నూరేండ్ల పిమ్మట, పదునైదవ శతాబ్ది తొలి భాగమున, క్రీడాభిరామము వెలసినది. వినుకొండ వల్లభరాయని పేర నున్న ఈ వీథీరూపకము శ్రీనాథకృతమని వాదించిన పండితులును కలరు. కర్తృత్వ వివాద మెట్లున్నను కృతిస్వరూపము స్పష్టము. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి యను ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీథులలో ఒక దినమంతయు తిరుగుదురు. పూటకూటిల్లు, పల్నాటి వీరుల కథాగానము, కోడిపందెములు, పొట్టేళ్ల పోరు, మాచల్దేవి చిత్రశాల ఒకదాని వెంట నొకటిగా వారి కన్నులబడును. కథ స్వల్పము, చూచుటయే ప్రధానము. దీనిని మాటలతో తీసిన యాత్రాచిత్రమనిన అతిశయోక్తి కాదు. అది వెలయునాటికి ప్రతాపరుద్రుని నగరము లేదు. కావున నాటి పాఠకునికే అది గతించినదాని పునర్దర్శనము. దానికి మూలమని చెప్పబడు రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము నేడు దొరకుట లేదు. తెలుగు కృతియు చిరకాలము మరుగుపడియుండి, 1909లో మానవల్లి రామకృష్ణకవిగారి ముద్రణమున వెలుగు చూచినది. పోయిన నగరమును చూపిన కావ్యమే తాను పోయి మరల దొరకినదన్నమాట.

ఇక విశాలచిత్రము మాట. 1952 సెప్టెంబరు 30వ తేదీన న్యూయార్కు నగరమందలి బ్రాడ్వే థియేటరులో ‘దిస్ ఈజ్ సినేరామా’ ప్రదర్శితమైనది. ఫ్రెడ్ వాలర్ కనిపెట్టిన ఈ పద్ధతిలో ఒకే దృశ్యమును మూడు ఫిలిములపై పక్కపక్క భాగములుగా పట్టుదురు. ప్రదర్శనకాలమున మూడు యంత్రములు ఆ మూడు భాగములను 146 డిగ్రీల వంపుగల తెరపై ఒకటిగా కూర్చును. మామూలు చిత్రము సెకనుకు 24 చట్రములు నడువగా ఇది 26 నడచెడిది. ధ్వని మరియొక ఫిలిముపై ఏడు మార్గములుగా నమోదై, ప్రేక్షకుని చుట్టు వినవచ్చెడిది. ఇందును కథ లేదు. వెనిసు నగరపు పడవలు, ఎద్దులపోరు, అమెరికాపై విమానయానము చూపుటయే దీని పని. పిమ్మట 1955లో ‘సినేరామా హాలిడే’, 1956లో ‘సెవెన్ వండర్స్ ఆఫ్ ది వరల్డ్’, 1957లో ‘సెర్చ్ ఫర్ పారడైజ్’, 1958లో ‘సౌత్ సీస్ అడ్వెంచర్’ వచ్చినవి. వీనిలో రెండవదానియందు డార్జిలింగు కొండరైలును, మూడవదానియందు నేపాళరాజగు మహేంద్రుని పట్టాభిషేకమును చూడవచ్చును. విమానయానము సామాన్యునికి అందని ఆ దినములలో ఈ చిత్రములే అనేకులకు దేశాటనము.

ఈ వైభవము పది పన్నెండేండ్లకు మించలేదు. మూడు యంత్రములు, వానికి తగినంత మంది పనివారు, ప్రత్యేకమైన తెర యనునవి ఖర్చుతో కూడినవి. 1953లో ‘ది రోబ్’ చిత్రముతో వచ్చిన సినిమాస్కోపు ఒక్క ఫిలిముపైననే వెడల్పైన దృశ్యమును ఇచ్చినది. ఆపై 70 మిల్లీమీటర్ల ఫిలిము వచ్చినది. మూడు ఫిలిముల చిత్రములు పెట్టెలలో పడినవి. బాల్యమున వానిని చూచినవారి జ్ఞాపకమునందు మాత్రము అవి నిలిచినవి. 1993లో ఇంగ్లండునందలి బ్రాడ్‌ఫర్డులో పిక్చర్‌విల్ థియేటరున మూడు యంత్రముల ప్రదర్శన మరల నెలకొనగా, దానిని చూచుటకు అభిమానులు దూరదేశములనుండి పోవుచుండిరి. 2012 మొదలుకొని 2014 వరకు ఆ యాత్రాచిత్రములు డేవిడ్ స్ట్రోమయర్ ప్రభృతుల డిజిటల్ పరిష్కరణముతో ఒక్కొక్కటిగా వెలువడినవి. ఒకటి వెలువడినంతనే తరువాతిదానికై నిరీక్షణ మొదలగుచుండెడిది. ఆ నిరీక్షణ కేవలము వినోదాపేక్ష కాదు. మరల చూచు అవకాశము లేదని విడిచిన వస్తువు తిరిగివచ్చునన్న ఆశ యది. తాళపత్ర గ్రంథము దొరకినదని వినినప్పుడు పరిశోధకునికి కలుగు భావమునకు ఇది దగ్గరి చుట్టము.

పరిష్కర్తల కష్టమును గమనించినచో ఈ చుట్టరికము మరింత స్పష్టమగును. నాటి రంగుఫిలిములలో వర్ణద్రవ్యములు సమముగ చెడవు. నీలిచాయ ముందు క్షీణించుటచే ప్రతి యెల్ల గులాబివర్ణమునకు తిరుగును. మూడు భాగములును వేరువేరుగ వెలసిపోయినచో ఒకే ఆకాశము మూడు రంగులుగ కన్పట్టును. ఇది ఒకే కావ్యమునకు మూడు ప్రతులు మూడు విధముల చెదలు తినియుండుట వంటిది. ఒక ఫిలిములో కొన్ని చట్రములు తెగిపోయినచో, మిగిలిన రెంటితో పొంతన తప్పకుండుటకై ఆ తావున అంతే నిడివిగల నల్లని ఫిలిము అతుకుచుండిరి. లేఖకుడు గ్రంథపాతమైనచోట చుక్కలు పెట్టి ఖాళీ విడుచుటయు ఇదియు ఒక్కటే నీతి. పోయినదానిని పోయినదని చెప్పుటయే ఆ నీతి.

మూడు భాగములు కలియుచోట తెరపై నిలువుగీతలవంటి అతుకులు కన్పించెడివి. డిజిటల్ విధానమున వానిని చాలవరకు అణచవచ్చును. అణచవచ్చునా, అణచవలెనా యనునది వివాదాస్పదము. అతుకు ఆనాటి యంత్రముయొక్క లోపము. దర్శకుడు కోరినది కాదు. కావున దానిని తగ్గించుట లేఖకదోషమును దిద్దుట వంటిదని ఒక పక్షము. ఆనాటి ప్రేక్షకుడు చూచినది అతుకుతో కూడిన చిత్రమే కదా యని రెండవ పక్షము. నా మతమున మొదటి పక్షమే యుక్తము. కాని దిద్దిన సంగతిని దాచరాదు. పాఠమును సవరించిన పండితుడు అధోజ్ఞాపికలో మూలపాఠమును చూపునట్లు, చిత్రపరిష్కర్తయు మార్పులను ప్రకటింపవలెను, మార్పుచేయని ప్రతిని భద్రపరుపవలెను.

మన తెలుగునాట విశాలచిత్రము ఆలస్యముగ వచ్చినది. 1974లో వెలువడిన ‘అల్లూరి సీతారామరాజు’ తొలి తెలుగు సినిమాస్కోపు చిత్రము. 1986లోని ‘సింహాసనము’ తొలి తెలుగు 70 మిల్లీమీటర్ల చిత్రము. భారతదేశమున తొలి 70 మిల్లీమీటర్ల చిత్రమైన ‘అరౌండ్ ది వరల్డ్’ 1967లో హిందీలో వచ్చినది. అదియు పేరునకు తగినట్లు లోకయాత్రాకథయే. వెడల్పు తెరపై జనులకు గల మక్కువ యెట్టిదనగా, హైదరాబాదునందలి సంధ్య వంటి థియేటర్ల పేళ్లలోనే 70 ఎం.ఎం. అనునది చేరిపోయినది.

పాత చిత్రముల పునరాగమనమునందు మనకు ముఖ్యోదాహరణము ‘మాయాబజార్’. కె.వి. రెడ్డి దర్శకత్వమున, మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణమున 1957 మార్చి 27వ తేదీన వెలువడిన ఈ నలుపు తెలుపుల చిత్రము, రంగులద్దబడి, ధ్వని సంస్కరింపబడి, వెడల్పు తెరకు అనుగుణము చేయబడి 2010 జనవరి 30వ తేదీన మరల విడుదలయైనది. తాతలు మనుమలను వెంటబెట్టుకొని పోయి చూచిరి. ఆ ఆనందమును తక్కువ చేయుట నా అభిమతము కాదు; కొత్తతరమునకు ఆ చిత్రము పరిచయమగుట మేలే. కాని బార్ట్లీ వెలుగునీడలను కూర్చినది నలుపు తెలుపుల కొరకు. ఆయన చట్రమును అమర్చినది నాటి ఇరుకు తెర కొరకు. రంగు చేర్చుట, చట్రము మార్చుట పరిష్కరణము గాదు, అనుసరణము. వ్యాఖ్యానమును మూలమని చెప్పరానట్లే అనుసరణమును పరిష్కరణమని పిలువరాదు. 2022లో ‘పోకిరి’ మొదలుగా పాత చిత్రముల పునర్విడుదలలు ఉత్సవములవలె సాగినవి. 1990 మే 9న వచ్చిన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ 2025లో అదే తేదీన, త్రిపరిమాణరూపమున కూడ, తిరిగి వచ్చినది. నిరీక్షించు జనులున్నారు, వారికి చూపబడునది ఏ పాఠమో తెలుపువారే తక్కువ.

ఇక్కడ ఓరుగల్లు ప్రాంతపు మరియొక సంప్రదాయము ప్రతిపక్షముగ నిలుచును. చేర్యాల నకాషీలు నేతబట్టపై పొడవైన కథాపటములను చిత్రింతురు. కథకుడు పటమును కొంచెము కొంచెముగ విప్పుచు, ఒక్కొక్క దృశ్యమును చూపి కులపురాణమును గానము చేయును. పటము జీర్ణమైనచో దానిని అతుకుపెట్టి నిలుపుట ఆచారము కాదు. కొత్తపటము వ్రాయించి, పాతదానిని నీటిలో నిమజ్జనము చేయుదురు. ఈ దృష్టిలో బ్రతుకవలసినది కథ, బట్ట కాదు. మరి రంగులద్దిన మాయాబజారును తప్పుపట్టుట ఎట్లు సంగతమను ఆక్షేపము రావచ్చును. సమాధాన మిది: నకాషీ కొత్తపటమును కొత్తదనియే ఇచ్చును. అతని విద్య తండ్రి నుండి కొడుకునకు వచ్చుచుండుటచే మూలము అతని చేతిలోనే సజీవముగ నుండును. బార్ట్లీ చేతికి అట్టి వారసత్వము లేదు. ఆయన పని ఆ నెగటివులో మాత్రమే యున్నది. అది పోయిన మరల వ్రాయించుటకు చిత్రకారుడు లేడు.

పోవుట ఊహామాత్రము కాదు. 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రతి నేడు లభించుట లేదు. పుణెలోని జాతీయ చలనచిత్ర భాండాగారము 1964లో గాని స్థాపితము కాలేదు. అందుచే పరిశోధక విద్యార్థులకు నా మనవి ఒకటి. నాడు థియేటర్లలో అమ్మిన పాటల పుస్తకములు, కథాసంగ్రహములు, కరపత్రములు, పత్రికా సమీక్షలు చిత్రపాఠమునకు సాక్ష్యములు. ఏ పాట యెచ్చట నుండెనో, ఏ దృశ్యము తరువాత తొలగెనో అవియే చెప్పగలవు. వానిని సేకరించి, సరిపోల్చి, పట్టికలు కట్టుట తెలుగు శాఖలకు తగిన పని. ప్రత్యంతరములను సరిచూచు శిక్షణ మనకున్నది. యంత్రనిపుణునకు ఆ శిక్షణ యుండవలెనను నియమము లేదు.

మరల ఖిలా వరంగల్లునకు వత్తము. తోరణముల నడుమ క్రొత్త ఆలయమును కట్టి ఇదియే కాకతీయుల దనినచో చూపరులు సంతసింపవచ్చును. చరిత్ర మాత్రము మూగవోవును. రాళ్లను పోగొట్టక, ఏ రాయి యే తావునకు చెందునో గుర్తించి, లేనిచోటును లేనిదిగనే విడిచినందుననే ఆ ప్రాంగణము నేటికిని మనతో మాటాడుచున్నది. తిరిగివచ్చు చిత్రములనుండియు మనము కోరవలసినది ఇంతే. వానికై ఎదురుచూచు అభిమానికి దక్కవలసినది అతడు నిజముగ కోల్పోయిన వస్తువే గాని, దాని పేరు పెట్టుకొనిన వేరొకటి కాదు.