గంగ అడుగు నుంచి పైకొచ్చాక

2020 ఫిబ్రవరి 17, పొద్దున. కరీంనగర్ శివారు అలుగునూరు దగ్గర కాకతీయ కాలువ గట్టు మీద జనం. ముందురోజు రాత్రి ఒక బైకు కాలువలో పడింది. గల్లంతైన మనిషిని వెతకడం కోసం పైనుంచి వచ్చే నీళ్లు తగ్గించారు. మట్టం దిగుతోంది. దిగుతున్న నీళ్లలోంచి ఎవరూ వెతకనిది బయటపడింది. ఒక కారు. జనవరి 27న ఇంటి నుంచి బయలుదేరి జాడ తెలియకుండా పోయిన కుటుంబం అందులో ఉంది. ముగ్గురు. మూడు వారాలుగా ఆ గట్టు పక్క రోడ్డు మీద బండ్లు పోతూనే ఉన్నాయి.

ఆ కాలువ శ్రీరాంసాగర్ నుంచి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల మీదుగానే కిందికి పోతుంది. ఏడాది తిరిగేసరికి, 2021 ఫిబ్రవరిలో, జగిత్యాల జిల్లా మేడిపల్లి దగ్గర అదే కాలువలో ఇంకో కారు పడింది. మళ్లీ మూడు ప్రాణాలు పోయాయి.

మా వైపు గోదావరిని గంగ అంటారు. ధర్మపురిలో గంగ స్నానానికి దిగినవాళ్లు, సిరిసిల్ల మానేరులో ఈతకు పోయిన పిల్లలు, వానాకాలం మత్తడి దాటబోయినవాళ్లు... ఎవరు మునిగినా ముందు పిలిచేది చేపలు పట్టేవాళ్లనే. వలలు వస్తాయి, కొక్కేలు వస్తాయి, ఊపిరి బిగబట్టి మునిగే గజ ఈతగాళ్లు వస్తారు. వాళ్ల ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి. కానీ బిగబట్టిన ఊపిరి నిమిషమో రెండు నిమిషాలో. బురద నీళ్లలో ఆ కాస్త వ్యవధిలో ఎంత మేర తడమగలరు? అందుకే కాలువలో నీళ్లు ఆపేదాకా, చెరువులో శవం తానై తేలేదాకా ఎదురుచూడటం మనకు అలవాటైపోయింది.

ఇదే గంగ కిందికి పోయి పాపికొండల మధ్య ఇరుకున పడుతుంది. 2019 సెప్టెంబర్ 15, ఆదివారం. దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ పర్యాటక బోటు తిరగబడింది. అందులో 77 మంది. నదిలో అప్పుడు దాదాపు 5 లక్షల క్యూసెక్కుల వరద. ఒడ్డున ఉన్న కచ్చులూరు గిరిజనులు తమ పడవలేసుకుని సుడుల్లోకి వెళ్లి 26 మందిని బయటికి లాగారు. మిగిలినవాళ్లలో మన వరంగల్ దగ్గరి కడిపికొండ నుంచి కలిసి విహారానికి వెళ్లిన మిత్రులు కూడా ఉన్నారు.

బోటు 200 అడుగులకు మించిన లోతుకు జారింది. సోనార్లు తెచ్చారు, నేవీ వాళ్లు వచ్చారు, ఎన్డీఆర్ఎఫ్ వచ్చింది. ఆ వడిలో కిందికి మనిషిని పంపడం కుదరలేదు. సెప్టెంబర్ చివర కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం లంగర్లతో, ఇనుప తాళ్లతో దిగింది. తాళ్లు తెగాయి. వరద మళ్లీ పెరిగింది, పని ఆగింది, మళ్లీ మొదలైంది. చివరికి లంగరు తగిలింది. బోటును ఒడ్డు వైపు కొంత లాగాక విశాఖ నుంచి వచ్చిన డైవర్లు నీళ్లలోకి దిగారు.

ఆ నీళ్లు ఎలాంటివో ఊహించుకోండి. ఎర్రటి ఒండ్రు. తన చెయ్యి తనకే కనబడదు. దీపం వేసినా వెలుగు ముందుకు సాగదు, మట్టి దాన్ని అక్కడే మింగేస్తుంది. చేతి వేళ్లే కళ్లు. ఇసుకలో కూరుకున్న బోటును తడిమి, తాడు ఎక్కడ బిగించాలో వేళ్లతోనే తెలుసుకుని కట్టాలి. ఆ చీకట్లో డైవర్‌కు వినబడేది రెగ్యులేటర్ చప్పుడొక్కటే. పీలిస్తే సన్నని ఈల, వదిలితే బుడగల గలగల. సిలిండర్లో 200 బార్ ఒత్తిడితో బిగించిన గాలిని రెగ్యులేటర్ మొదటి భాగం పది బార్ దరికి తగ్గిస్తుంది. నోట్లో పెట్టుకునే రెండో భాగం చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపడా, అడిగినప్పుడే, అడిగినంత ఇస్తుంది. 1943లో ఫ్రాన్స్‌లో ఎమిల్ గన్యాన్, జాక్ కుస్తో కలిసి ఈ ఏర్పాటును నీటి కింద పనికొచ్చేలా తీర్చారు. 12 లీటర్ల సిలిండర్లో నిండా 2,400 లీటర్ల గాలి ఉంటుంది. 30 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి నాలుగింతలు కాబట్టి, నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అక్కడ 80 లీటర్లు కావాలి. అంటే అరగంట. తిరిగి పైకి రావడానికి పట్టే సమయం కూడా అందులోదే.

అక్టోబర్ 22న, 38వ రోజున, బోటు ఒడ్డుకు చేరింది. జనమూ కెమెరాలూ బోటు దగ్గరికి ఉరికారు. అయినవాళ్ల ఆనవాళ్ల కోసం ఎదురుచూసినవాళ్లకు ఆ రోజు ఎలా గడిచి ఉంటుందో రాయడానికి నాకు మాటలు రావు.

అలాంటి నీళ్లలోంచి పైకొచ్చిన డైవర్‌కు మాత్రం ఇంకో పని మొదలవుతుంది. ఒళ్లు అలసి సోలిపోతున్నా పరికరాలు ఆరకముందే చేయాల్సిన పని. ఒండ్రు తడిగా ఉన్నంతసేపే నీళ్లకు లొంగుతుంది. ఆరిందంటే రెగ్యులేటర్ లోపలి సిలికాన్ కవాటం అంచున గట్టిపడి కూర్చుంటుంది. ఆ కవాటం వేలి గోరంత పలచన. దాని కింద ఒక్క ఇసుక రేణువు చిక్కినా సందు పడుతుంది, మర్నాడు గాలితో పాటు నీళ్లూ నోట్లోకి వస్తాయి. డైవర్ ఒంటికి తొడుక్కునే తేలే జాకెట్‌లోకి గాలి నింపే బటన్ ఇసుకకు బిగుసుకుపోతే ఇంకా ప్రమాదం. జాకెట్ తనంతట తాను ఉబ్బి మనిషిని ఒక్క ఊపున పైకి విసిరేస్తుంది. ఊపిరి బిగబట్టి ఉంటే ఊపిరితిత్తులు చిట్లుతాయి. సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) మీద బతికినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు, నుసి దులపని సాంచా మర్నాడు పోగు తెంపుతుంది. ఇక్కడ తెగేది మనిషి ఊపిరి.

ముందు సిలిండర్ నుంచి విప్పిన రెగ్యులేటర్ మొదటి భాగం నోటికి మూత పెట్టాలి. ఆ మూతను పొడిగా తుడిచి మరీ పెట్టాలి. తడి మూత పెడితే ఆ తేమ నేరుగా లోపలికే పోతుంది, ఇత్తడికి చిలుము పడుతుంది. తర్వాత మంచినీళ్ల తొట్టిలో నానబెట్టాలి. నానుతున్నప్పుడు రెండో భాగం ముందున్న బటన్ నొక్కకూడదు. నొక్కితే కవాటం తెరుచుకుని మురికినీళ్లు గొట్టం గుండా మొదటి భాగం దాకా ఎక్కుతాయి. కొత్తగా చేరినవాళ్లు శుభ్రం చేస్తున్నామనుకుంటూ చేసే హాని ఇదే. సిలిండర్‌కు బిగించి, గాలి తెరిచి ఉంచి కడిగితే ఆ భయం ఉండదు. జాకెట్‌ను పైపైన కడిగితే చాలదు. లోపలికి మంచినీళ్లు పోసి, కుదిపి, తలకిందులు చేసి ఒంపాలి, నీళ్లు తేటగా వచ్చేదాకా. సగం గాలి నింపి నీడలో వేలాడదీయాలి. మన ఏప్రిల్ ఎండలో గట్టు మీద పరిస్తే రబ్బరు పగుళ్లిస్తుంది.

శవాల కోసం దిగిన నీళ్లయితే కడగడంతో సరిపోదు, క్రిమిసంహారక ద్రావణం తప్పనిసరి. వరద నీటిలో ఎలుక జ్వరం క్రిములూ ఉంటాయి, నోట్లో పెట్టుకునే ముక్కను ఒకరి తర్వాత ఒకరు వాడతారు కూడా. రబ్బరు చుట్లకు ఆ పరికరానికి నిర్దేశించిన గ్రీజు తప్ప ఇంకేదీ పూయకూడదు. కొబ్బరి నూనె, మిషన్ నూనె చేతికి అందుబాటులో ఉంటాయి కదాని రాస్తే కొన్ని రకాల రబ్బరు ఉబ్బుతుంది, ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలికైతే నూనె నిప్పు. సిలిండర్‌ను పూర్తిగా ఖాళీ చేయకూడదు, కొంత ఒత్తిడి మిగిల్చి మూయాలి. లేకపోతే తేమ లోపలికి చేరి ఉక్కు సిలిండర్ లోపలి నుంచే తుప్పు పడుతుంది. బయటికి రంగు కొత్తగానే ఉంటుంది.

సముద్రంలో దిగేవాళ్లకు శత్రువు ఉప్పు. విశాఖ డైవర్లకు అది పుట్టుకతో తెలిసిన విద్య. మన నదుల్లో, కాలువల్లో ఉప్పు లేదు కాబట్టి కడగక్కర్లేదన్న ధీమా వస్తుంది. మంచినీటి ఒండ్రుకు ఉప్పంత తొందరగా తినే గుణం లేదు, నిజమే. కానీ ఉప్పు నీళ్లలో కరుగుతుంది, ఒండ్రు కరగదు. దాన్ని నీటి ధారతో, మెత్తటి కుంచెతో, ఓపికతో బయటికి రప్పించాల్సిందే.

ఇప్పుడు బోయినిపల్లి మండలం మాన్వాడ దగ్గర 27 టీఎంసీలు పట్టే మధ్యమానేరు ఉంది. జగిత్యాల జిల్లా పొడవునా గంగ ఉంది, కాలువ ఉంది. ఈ నీళ్లలోకి ఊపిరి బిగబట్టి కాకుండా ఊపిరి తీసుకుంటూ దిగే మనుషులు జిల్లా కేంద్రాల్లోనే ఉండాలి, వాళ్లు మన మత్స్యకార కుటుంబాల పిల్లలే కావాలి. నీటి నడక వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అయితే డైవింగ్ సెట్లు కొని, రిబ్బను కత్తిరించి, బీరువాలో పెట్టి తాళం వేస్తే అవి మనిషిని చంపే సామాన్లవుతాయి. సెట్టుతో పాటు రెండు తొట్లు కావాలి, ఒకటి కడగడానికి, ఇంకోటి క్రిములు చంపడానికి. గాలి ఆడే నీడ గది, సిలిండర్లకు పొడి గాలి నింపే కంప్రెసర్, ఏడాదికోసారి రెగ్యులేటర్ విప్పి చూసే నిపుణుడికి జీతం కూడా కావాలి. ప్రతి సెట్టుకూ ఒక పుస్తకం ఉండాలి. ఏ తేదీన ఎవరు దిగారు, ఎవరు కడిగారు, ఏ కవాటం మార్చారు, కింద సంతకం. రేపు దిగేవాడు ఆ సంతకం చూసుకున్నాకే రెగ్యులేటర్ నోట్లో పెట్టుకోవాలి.