అట్ట సంకెళ్ళు

మా క్లాసులో వాణ్ని అసలు పేరుతో పిలిచిన గుర్తే లేదు. అందరికీ గోపన్నే. భద్రాచలం దాటాక చర్ల దారిలో అడవినీ గోదారినీ ఆనుకున్న ఊరు వాడిది, నాది ఖమ్మం. హైదరాబాద్‌లో రంగస్థల కళలు చదవడానికి పోయి ఒకే గదిలో పడ్డాం. 2020 వేసవికి మేం వేయాల్సిన నాటకం రామదాసు కథ. నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ పరగణాకు తహసీల్దారై, రాముడికి గుడి కట్టించిన పాపానికి గోల్కొండ చెరలో మగ్గిన కంచర్ల గోపన్న వేషం వాడికి కాక ఇంకెవరికిస్తారు? వాడు పద్యం ఎత్తుకుంటే ఆఖరి రాగం వెనక బెంచీలను తాకి తిరిగొచ్చేది.

చెరసాల ఘట్టం కోసం అట్టముక్కలు కత్తిరించి, నల్లరంగు పూసి, సంకెళ్ళు తనే చేసుకున్నాడు. ఆ రంగు ఆరకముందే, మార్చి 14న, కరోనా వల్ల కాలేజీలూ సినిమా హాళ్ళూ మూసేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. "పదిహేను రోజులే గదరా" అంటూ వాటిని సంచిలో వేసుకుని బస్సెక్కాడు.

ఏప్రిల్ 2న భద్రాద్రి రాముడి కల్యాణం జరిగింది. ఎప్పటిలా మిథిలా స్టేడియంలో కాదు, గుళ్ళోని నిత్యకల్యాణ మండపంలో, భక్తులు లేకుండా. టీవీలో చూస్తూనే వాడు ఫోన్ చేశాడు. "జనం లేకున్నా దేవుడి పెళ్ళి పెళ్ళేరా. మరి మన నాటకం?" నేనేదో సర్దిచెప్పాను. ఆ ప్రశ్నకు మా సిలబస్‌లో జవాబు లేదు.

మిరప కోతలకు బస్తర్ నుంచి వచ్చిన కూలీలు, లాక్‌డౌన్‌లో బస్సుల్లేక, ఆ నెలలోనే అడవి దారులు పట్టి నడిచిపోయారు. ములుగు జిల్లా పేరూరు వైపు నుంచి బీజాపూర్‌కు బయల్దేరిన పన్నెండేళ్ళ పిల్ల మూడు రోజులు నడిచి, ఏప్రిల్ 18న, ఇల్లు ఇంకాస్త దూరంలో ఉందనగా ప్రాణం విడిచింది. "వాళ్ళ కాళ్ళు చూసినంక ఈ అట్టలు కట్టుకోవాలంటే సిగ్గయితందిరా" అన్నాడు వాడు. కొన్నాళ్ళు సాధన మానేశాడు.

తరవాత ఆన్‌లైన్ క్లాసులొచ్చాయి. వాడి ఊళ్ళో సిగ్నల్ దొరికేది చెరువు కట్ట మీదే, అదీ ఇప్పచెట్టు దాటాక. వాడు పద్యం ఎత్తుకుంటే ఇక్కడి హార్మోనియం అక్కడికి మూడక్షరాలు ఆలస్యంగా చేరేది. ప్రాక్టికల్ పరీక్ష కూడా ఫోన్‌లోనే. చీకటి కొట్టులో జరగాల్సిన ఘట్టం. నెత్తిన ఆకాశం, కట్ట కింద మేకలు, నవ్వుతున్న పిల్లలు. మార్కులు మాత్రం బాగా వచ్చాయి. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే. "వన్స్ మోర్" అనే గొంతు ఒక్కటీ లేనిచోట మాకు నటన వచ్చేసిందని కాగితం మీద రాసిచ్చారు, మేమూ నోరు మూసుకుని తీసుకున్నాం. 1885లో కీచకవధతో మొదలైన సురభి నాటకాల వాళ్ళే తెర దించుకుని కూర్చున్న రోజులవి. మాయాబజార్‌ను గాల్లో తిప్పగల వాళ్ళకు చేతకానిది మా ఫోన్లకు చేతనవుతుందా?

2021 ఫిబ్రవరిలో కాలేజీలు తెరిచారు. మార్చి ఆఖర్న మళ్ళీ మూశారు. ఆ మధ్య ఒక్కటంటే ఒక్క రిహార్సల్ జరిగింది. ఆ రోజు వాడి రాగం విన్నవాళ్ళం ఏడుగురం.

మే నెలలో కరోనా వాడింట్లో దూరింది. ప్రాణం దక్కింది గానీ ఊపిరి పాతది కాదు. పద్యం నడుస్తుంది, చివరి రాగం దగ్గరికొచ్చేసరికి దగ్గు అడ్డం పడుతుంది. హాస్పిటల్ అప్పు తీర్చాలని చదువు వదిలేసి, మిరప బస్తాలు లెక్క రాసే పనిలో చేరాడు. నేను పిలిచాను, రెండుసార్లు. మూడోసారి పిలవలేదు.

2022 ఏప్రిల్‌లో కల్యాణం మళ్ళీ మిథిలా స్టేడియానికి, జనంలోకి వచ్చింది. కూతవేటు దూరంలో ఉండీ వాడు పోలేదు. జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచింది. నీళ్ళు తీశాక ఇల్లు కడుక్కుంటూ వాడే ఫోన్ చేశాడు. సంచిలో నల్లటి ముద్ద తప్ప ఏమీ మిగల్లేదట.

"సంకెళ్ళు ఊడినయిరా" అని నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది.

మా రామదాసు నాటకం ఇంతవరకూ ఆడలేదు.